నలభై ఒకటో రాయి

ఉదయం ఆరున్నరకు అప్పలకొండ పద్దెనిమిదో రాయి మీద నిలబడి, గంటకు రెండువందల పది కిలోమీటర్ల వేగంతో ఒక మలుపులోకి దిగుతోంది. కళ్ళ ముందు మాత్రం సముద్రమే ఉంది. ఆమె రెండు చేతుల మధ్య ఉన్న ఇత్తడి చక్రం ఎడమకు గుంజింది. కుడి పాదం కింద పెడలులాంటి మెత్త కిందికి పోయి మళ్ళీ పైకి లేచింది. మడమల్లో సన్నని కంపనం పుట్టి మోకాళ్ళ దాకా పాకింది. నలభై సెకన్లకు అంతా ఆగిపోయింది. అప్పలకొండ రాయి దిగి, చేతిలోని పలక మీద ‘పద్దెనిమిది, బాగుంది’ అని గుర్తు పెట్టి, తడిగుడ్డతో రాయి మీది ఇత్తడి అక్షరాలు తుడవడం మొదలుపెట్టింది.

ఆమె వెనక విశాఖ బీచ్ రోడ్డు మీద పల్లకీలు, వాటంతటవే నడిచే బళ్ళు, సాగిపోతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, మూరెడు ఎడంతో, చప్పుడు లేకుండా. లోపల కొందరు నిద్రపోతున్నారు. ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. ఒకామె అద్దంలో చూసుకుంటూ జడ అల్లుకుంటోంది. ముందుకు చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు. దారి చూసే పని మహాసారథిది. రాష్ట్రంలోని ప్రతి బండినీ ఒకే మెదడుతో నడిపించే ఆ యంత్రం వచ్చి ముప్ఫైమూడేళ్ళయింది. ఆ ఏడాదే మనిషి చేత్తో బండి నడపడాన్ని చట్టం నిషేధించింది. అప్పటినుంచి రోడ్ల మీద మరణాలు లేవు, కాలుకు దెబ్బ తగిలినవాళ్ళు కూడా అరుదే. ఆ మేలును కాదనేవాళ్ళెవరూ లేరు. కాకపోతే ఇవాళ్టి యువకులకు స్టీరింగ్ అంటే మ్యూజియంలో గాజుపెట్టెలో ఉండే వస్తువు.

చేత్తో బళ్ళు నడిపిన కాలం పూర్తిగా మరుగున పడకూడదని, రథిక స్మారక సమితి అనే సంస్థ సముద్రపు ఒడ్డున ఉన్న కాలిబాటను ‘రథికుల బాట’గా మార్చింది. మోటారు పందేల్లో పేరు తెచ్చుకున్న నలభై మందికి నలభై నల్లరాళ్ళు పరిచింది. వీటిని ఒడుపురాళ్ళు అంటారు. పాదాలు పెట్టుకోవడానికి రెండు గుంటలుంటాయి. నిలబడగానే నేలలోంచి ఒక చక్రం ఛాతీ ఎత్తుకు లేస్తుంది. దాన్ని పట్టుకుంటే, ఆ రథికుడు తన గొప్ప పరుగులో చక్రాన్ని ఎంత బలంగా తిప్పాడో, బ్రేకును ఏ క్షణాన ఎంత తొక్కాడో, అదంతా నిలబడినవారి అరచేతుల్లోకీ అరికాళ్ళలోకీ వస్తుంది. బొమ్మ ఉండదు, శబ్దం ఉండదు. ఒడుపు మాత్రమే ఉంటుంది. సాయంత్రాలు జనం క్యూ కడతారు. దిగి కేరింతలు కొట్టి వెళ్ళిపోతారు.

నలభై రాళ్ళనూ రోజూ తుడిచి, ఒక్కొక్కదాని మీదా నిలబడి పనిచేస్తోందో లేదో చూడటం అప్పలకొండ ఉద్యోగం. ఆమెకు నలభై ఆరేళ్ళు. అమ్మమ్మల కాలపు పేర్లు మళ్ళీ పెట్టుకోవడం మొదలైన రోజుల్లో పుట్టింది.

ఆ ఉదయం ఇరవై ఏడో రాయి దగ్గరకు వచ్చేసరికి, దాని మీద ఎవరో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నెరసిన పొట్టి జుట్టు, కాన్వాస్ బూట్లు. కళ్ళు మూసుకుని చక్రాన్ని పట్టుకుంది. అప్పలకొండ పక్కన ఆగింది. సగం పరుగు అయ్యాక ఆవిడ హఠాత్తుగా చక్రం వదిలేసి, కాలిన వస్తువు ముట్టుకున్నట్టు వెనక్కి తగ్గింది.

“ఇది అబద్ధం” అంది.

“ఏటండీ?”

“ఎనిమిదో మలుపులో నేను బండి ఆపాను. ఈ రాయి ఆపలేదు. దూసుకుపోయింది.”

అప్పలకొండ కిందికి చూసింది. రాయి మీద ‘దాడి లోహిత’ అని ఉంది. పక్కనే ముద్ర వేసిన అరచేతులు. తలెత్తి ఆ పెద్దావిడ చేతుల వైపు చూసింది. కుడి చిటికెన వేలు ముద్రలోలాగే కొద్దిగా వంకరగా ఉంది.

“ఓలమ్మో! ఈ రాయి మీదేనా? మీరు బతికే ఉన్నారేటమ్మా?” అనేసి నాలుక కరుచుకుంది.

లోహిత నవ్వింది. “ఉన్నాను. సమితి వాళ్ళకే ఆ సంగతి గుర్తున్నట్టు లేదు.”

ఆమె గట్టు మీద కూర్చుని చెప్పిన సంగతి ఇది. చేత్తో నడిపే బళ్ళ చివరి పందెం అనంతగిరి ఘాట్‌లో జరిగింది. కొండ పైనుంచి కిందికి, నిమిషానికో బండి చొప్పున వదిలారు. వాన పడుతోంది. లోహిత అందరికన్నా వేగంగా దిగుతోంది. తనకన్నా ముందు బయలుదేరిన ఐజాక్ రెబ్బా బండి కింద ఎనిమిదో మలుపులో రోడ్డుకు అడ్డంగా బోల్తాపడి ఉండటం రెండు మలుపుల పైనుంచే కనిపించింది. అతను లోపలే ఉన్నాడు. అప్పటికే లోహిత బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. అయినా ఎలాగో ఆపింది. వెనక వచ్చే బళ్ళు అతన్ని గుద్దకుండా తన బండిని అడ్డంగా నిలిపింది. పందెం పోయింది. ఐజాక్ బతికాడు.

“రాళ్ళ కోసం పాత పరుగుల వివరాలు పంపమన్నారు. పంపాను. ఆగిన చోటు కత్తిరించి, వేరే ఏడాది పరుగు తెచ్చి అతికించారు. చేతులకు తెలియదనుకున్నారు.”

సమితి అధ్యక్షుడు విభూషణ్ పట్నాయక్ మర్యాదస్థుడు. లోహిత తన కార్యాలయానికి వస్తే లేచి నిలబడ్డాడు, కాఫీ తెప్పించాడు. ఒడుపురాళ్ళను తయారుచేసిన ఇంజనీరు నూకరత్నాన్ని కూడా పిలిపించాడు. ఫిర్యాదు వచ్చినప్పుడు తాను అక్కడే ఉన్నందుకు అప్పలకొండ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“మీ గౌరవానికి ఏ లోటూ చేయలేదమ్మా,” అన్నాడు పట్నాయక్. “జనం వేగం కోసం వస్తారు. ఆగిపోయిన పరుగు మీద నిలబడటానికి ఎవరొస్తారు చెప్పండి?”

“రాకపోతే మానెయ్యనివ్వండి. రాయి మీద పేరు నాది, ఒడుపు నాది కాదు. నా పేరు తీసేయించండి.”

“పేరు తీసేస్తే నలభై కాస్తా ముప్ఫై తొమ్మిదవుతుంది. ప్రారంభోత్సవం ఫలకం మీద నలభై అని ఉంది.”

“అయితే అది మీ ఫలకం కోసం ఉండనివ్వండి. నా అసలు పరుగుతో నలభై ఒకటో రాయి వెయ్యండి.”

పట్నాయక్ నూకరత్నం వైపు చూశాడు. ఆమె ఇంకా ముప్ఫై నిండని పిల్ల. తన చేత్తో అతికించిన పరుగు మాట వచ్చినందుకు ఇంత సేపూ తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తింది.

“నేను చేస్తాను సార్. ఆ రోజు బండిలో పరుగును నమోదు చేసిన పెట్టె మేడం దగ్గరే ఉందట. అందులో మొత్తం ఉంటుంది.”

అలా ఒప్పుకున్నారు. కాని చోటు మాత్రం బాట చివర, చేపల రేవు వైపు, ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన ఇచ్చారు. సాయంత్రపు జనం అంతదూరం నడవరు. దారిదీపం కూడా లేదు.

కొత్త రాయి పరుగు నాలుగు నిమిషాలు. మొదటి రెండు నిమిషాలూ వేగమే. తర్వాత నిమిషమున్నర సేపు బండి ఆపడం. బ్రేకు తొక్కడం, వదలడం, మళ్ళీ తొక్కడం, చక్రాన్ని అణువణువుగా కొండవైపు ఒరిగించడం, గోడను రాసుకుంటూ వేగాన్ని చంపడం. ఆ తర్వాత ఏమీ కదలదు. కాని చక్రం అరనిమిషం పాటు సన్నగా వణుకుతూనే ఉంటుంది.

“ఆ చివరిది తీసెయ్యనా మేడం? బండి ఆగాక అది అనవసరం కదా” అని నూకరత్నం అడిగింది.

“ఉంచు” అంది లోహిత.

మర్నాడు అప్పలకొండ ఆ రాయి దిగి వచ్చి, “ఆఖర్న ఆ వొణుకేటమ్మా? రాయిలో ఏదేనా పాడైందా?” అని అడిగింది.

“అది బండిది కాదు, రాయిదీ కాదు. నాది.”

పట్నాయక్ చెప్పినట్టే నలభై ఒకటో రాయి దగ్గరకు ఎవరూ రాలేదు. వచ్చేది ఒక్క అప్పలకొండే. రోజూ పొద్దున్న ఏడున్నరకు, అన్ని రాళ్ళూ అయ్యాక, దాని మీద నిలబడేది. ఉద్యోగానికి నిమిషం నిలబడితే చాలు, ఆమె నాలుగు నిమిషాలూ నిలబడేది. మిగతా రాళ్ళు గుండెను ఎగరేసి వదిలేస్తాయి. ఈ రాయి దిగాక ఏదో పని చేసి వచ్చినట్టుండేది.

వారానికి మూడు రోజులు లోహిత నడుస్తూ అక్కడికి వచ్చేది. గట్టు మీద కూర్చుని అప్పలకొండ చేతులను చూసేది.

“చక్రాన్ని అలా పిసకకు. పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో. అది ఎటు పోతోందో నీకు చెబుతుంది.”

“రాయే తిప్పుతాది కదమ్మా. నేను పట్టుకుంటే ఎంత, పట్టుకోకపోతే ఎంత?”

“తిప్పేది రాయే. వినాల్సింది నువ్వు.” మళ్ళీ, “బ్రేకు మీద నిలబడిపోకు. తొక్కు, వదులు. నీళ్ళు తోడేటప్పుడు చేద లాగుతావే, అలా” అనేది.

“నేనెప్పుడు తోడాను నూతిలో నీళ్ళు!”

“నేనూ తోడలేదులే. మా అమ్మ అనేది.”

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. “ఇది నేర్చుకుని ఏటి చేస్తానమ్మా” అని అప్పలకొండ ఎన్నిసార్లు అందో. లోహిత మళ్ళీ చక్రం వైపే వేలు చూపించేది. తన చేతుల్లో ఉన్నదాన్ని ఇంకో మనిషి ముట్టుకుంటోంది, ఆమెకు అదే చాలు. అలా పది నెలలు గడిచాయి.

అక్టోబరులో అరకులో అప్పలకొండ తోడికోడలి కూతురికి ఓణీల ఫంక్షను జరిగింది. భర్తకు సెలవు దొరకలేదు. అప్పలకొండ ఒక్కతే వెళ్ళి, మర్నాడు మధ్యాహ్నం కొండబండిలో తిరుగు ప్రయాణమైంది. కొండబండి అంటే ఘాట్‌లో తిరిగే పెద్ద పల్లకి. అందులో ముప్ఫైయొక్క మంది ఉన్నారు. రెండు రోజులుగా ముసురు. మూడు గంటలకు, సగం ఘాట్ దిగాక, ఎక్కడో పెద్ద చప్పుడైంది. బండి మెల్లగా వేగం తగ్గించి, రోడ్డు మీదే నిలబడిపోయింది.

“సంకేతం అందడం లేదు,” అంది పైనుంచి ఒక ప్రశాంతమైన గొంతు. “ఆగి ఉండటమే క్షేమం. దయచేసి మీ స్థానాల్లో కూర్చోండి.”

కొండ మీది సంకేత స్తంభాన్ని జారిన మట్టి లాక్కుపోయింది. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. మహాసారథితో సంబంధం తెగితే ఏ బండి అయినా ఉన్నచోటే ఆగాలని దాన్ని కట్టినవాళ్ళు నియమం పెట్టారు. ఆగిన బండి ఎవరినీ గుద్దదు. ముప్ఫైమూడేళ్ళలో ఆ నియమం ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

పది నిమిషాలకు వెనక, వంద అడుగుల దూరంలో, కొండ చరియ విరిగి రోడ్డు మీద పడింది. చెట్లు నిలువుగా నిలబడే కిందికి జారాయి. బండి అంతా ఒక్కసారి కేక వేసింది. ఇద్దరు కుర్రాళ్ళు తలుపు తెరుచుకుని నడిచిపోదామని దిగారు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చారు. ఒకతని నుదుటి మీద రాయి తగిలి నెత్తురు కారుతోంది. “పైనుంచి రాళ్ళు వానలా పడుతున్నాయండి. నడవలేం” అన్నాడు. బండిలో ముసలివాళ్ళున్నారు. ఎనిమిదో నెల గర్భిణి ఉంది. కిందనున్న చెక్‌పోస్టు నాలుగు కిలోమీటర్లు.

“ఆగి ఉండటమే క్షేమం” అంది గొంతు.

అప్పలకొండ కిటికీలోంచి పైకి చూసింది. సరిగ్గా తమ నెత్తిమీద కొండలోంచి ఎర్రటి నీళ్ళు ఊటలా కారుతున్నాయి. ఆ నీళ్ళతో చిన్నచిన్న రాళ్ళు కూడా వస్తున్నాయి.

బండి ముందు భాగంలో గాజు బిగించిన ఒక అర ఉంది. ‘మరమ్మతు చక్రం. షెడ్డు సిబ్బందికి మాత్రమే’ అని రాసి ఉంది. షెడ్డులో బళ్ళను అడుగు ముందుకూ వెనక్కూ జరపడానికి పెట్టిన చక్రం అది. కింద రెండు పెడళ్ళు. ఆమె అక్కడికి వెళ్ళి నిలబడింది. ఆ పెడళ్ళ మధ్య దూరం ఆమెకు తెలుసు. తెలుసన్న సంగతి ఆ క్షణం దాకా తెలియదు.

ముందు సీట్లోని రిటైర్డు మాస్టారు లేచి అడ్డంగా వచ్చాడు. “ఏం చేస్తున్నావమ్మా? అది ముట్టుకోవడం నేరం. మహాసారథి ఆపిందంటే ఏదో కారణం ఉంటుంది.”

“దానికి కొండ కనిపించట్లేదండి మాస్టారూ. దాని తాడు తెగిపోనాది. మనకి కనిపిస్తన్నాది కదేటి, చూడండి.”

“నేనైతే ఆ రోజుల్లో కూడా నేర్చుకోలేదు. నీకు నడపడం వచ్చా?”

ఆమె అబద్ధం చెప్పలేదు. “నడపలేదండి ఎప్పుడూ. కానీ నా చేతులకి వచ్చు.”

మాస్టారు ఆమె ముఖం వైపు చూశాడు, తర్వాత కిటికీలోంచి ఎర్రనీళ్ళ వైపు చూశాడు. దారి ఇవ్వలేదు, గట్టిగా అడ్డుకోనూ లేదు. అప్పలకొండ ఫంక్షను నుంచి తెస్తున్న స్టీలు క్యారేజీ ఎత్తి గాజు మీద కొట్టింది. రెండో దెబ్బకు పగిలింది. చక్రం బయటికి లాగగానే పైనున్న గొంతు మధ్యలో ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కటే ఉంది.

మొదట బండి ఎగిరిపడింది. ఒక ముసలమ్మ సీట్లోంచి జారింది. అప్పలకొండ కాలు వెనక్కి తీసి, మళ్ళీ మెత్తగా పెట్టింది. బండి కదిలింది. మొదటి మలుపులో ఎడమ వైపు రెయిలింగును రాసుకుంటూ ఒక అద్దం ఊడిపోయింది. “అమ్మో” అని ఎవరో ఏడుస్తున్నారు. ఆమె వినలేదు. చక్రం ఏం చెబుతోందో వింటోంది. అది బరువుగా ఉంది, రాయి మీది చక్రం కన్నా చాలా బరువు. అయినా భాష అదే.

రెండో మలుపు బాగానే తిరిగింది. మూడోది ఇంకా బాగా. నాలుగో మలుపు దగ్గర కాలిన వాసన వచ్చింది. బ్రేకు పెడలు పాదం కింద మెత్తబడి లోపలికి దిగిపోయింది. ఆ క్షణాన నూటికి తొంభై తొమ్మిది మంది బలమంతా ఉపయోగించి ఇంకా తొక్కుతారు. అప్పలకొండ పాదం దానంతట అదే పైకి లేచింది. తొక్కింది, వదిలింది, తొక్కింది. చేతులు చక్రాన్ని వేలెడంత కొండవైపు ఒరిగించాయి. బండి పక్క భాగం మట్టిగోడకు తగిలి, పెద్ద చప్పుడుతో రాసుకుంటూ, వేగం పోగొట్టుకుంది. మలుపు దాటాక మళ్ళీ గోడను వదిలింది. గర్భిణి పక్కన కూర్చున్నావిడ గట్టిగా దేవుళ్ళ పేర్లు చెబుతోంది. మాస్టారు ఎప్పుడు వచ్చాడో, అప్పలకొండ వెనక నిలబడి, “కుడివైపు ఖాళీగా ఉందమ్మా. ముందు నీళ్ళున్నాయి, లోతు లేదు. పద” అని దారి చెబుతున్నాడు.

చెక్‌పోస్టు ముందు బండి ఆగేసరికి మూడు గంటల నలభై నిమిషాలు. అందరూ దిగారు. అప్పలకొండ దిగలేదు. ఆమె చేతులు చక్రం మీదే వణుకుతున్నాయి. ఆ వణుకును రోజూ అరనిమిషం పాటు పట్టుకుని చూసిందే. అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పుడు తెలిసింది. మాస్టారు వచ్చి, ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, చేయి పట్టుకుని దింపాడు.

పైన బండి ఆగి ఉన్న చోటును నాలుగు గంటలు కాకముందే కొండ కప్పేసింది.

చట్టం చట్టమే కనుక రవాణా విచారణ సంఘం అప్పలకొండను పిలిచింది. మరమ్మతు చక్రాన్ని ముట్టుకున్నందుకు శిక్ష ఉంది. అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. బండి నడపడం నేర్పేవాళ్ళే లేని రాష్ట్రంలో ఈమెకు ఎవరు నేర్పారు?

హాలు నిండిపోయింది. లోహిత ముందు వరుసలో కూర్చుంది. సంఘం అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని అడిగింది.

“నీకు దొంగతనంగా ఎవరైనా శిక్షణ ఇచ్చారా?”

“రాయి నేర్పిందండి.”

ఎవరో నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. నూకరత్నం లేచి నిలబడింది.

“ఆమె చెప్పింది నిజం. నేర్పాలని నేను వాటిని చేయలేదు. సరదాకు చేశాను. ఈ ప్రమాదం తర్వాత, బాట మీదికి రోజూ వచ్చేవాళ్ళలో యాభై ఏళ్ళ లోపు మూడువందల మందిని షెడ్డు మైదానానికి తీసుకెళ్ళి మరమ్మతు బండి ఎక్కించాం. రెండువందల పద్నాలుగు మంది తడబడుతూనే నడిపారు. వాళ్ళలో ఒక్కరికీ తమకు వచ్చని తెలియదు. ఆ వయసులో బండి నడపగలవాళ్ళు ఈ నగరంలో సున్నా అని మీ దస్త్రాల్లో ఉంది. అది తప్పండి. వేలమంది ఉన్నారు.”

హాలులో గుసగుసలు లేచాయి. సంఘం సభ్యుడొకాయన, “అయితే వెంటనే ఆ రాళ్ళను ఆపెయ్యాలి. ఇది ప్రమాదం” అన్నాడు.

అప్పుడు వెనక వరుసలో రిటైర్డు మాస్టారు లేచాడు. ఆయన పేరు జంపన భూషణరాజు, లెక్కలు చెప్పేవాడు. ఆయనతోపాటు మిగతా ప్రయాణికులు కూడా ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గర్భిణి కూడా వచ్చింది. అప్పటికి ప్రసవమైంది. చేతిలో పొత్తిళ్ళున్నాయి.

“అయ్యా, ఆ రోజు ఈమెకు అడ్డం వెళ్ళినవాణ్ణి నేను,” అన్నాడు మాస్టారు. “నియమం నా పక్షాన ఉంది. నేను చెప్పినట్టు వినుంటే ఇప్పుడు మీరు మా ఫొటోలకు దండలు వేసేవారు. మహాసారథి నా ప్రాణాన్ని ముప్ఫైమూడేళ్ళు కాపాడింది, కాదనను. ఒక్క అరగంట కాపాడలేకపోయింది. ఆ అరగంటకు ఒక మనిషి చేతులు కావలసివచ్చాయి. ఆ రాళ్ళను ఆపేస్తారా? ఆపండి. మళ్ళీ అలాంటి అరగంట వస్తే ఎవరిని పిలవాలో కూడా మీరే చెప్పండి.”

పొత్తిళ్ళలోని పిల్ల ఏడ్చింది. అధ్యక్షురాలు కాగితాలు సర్ది, కలం అందుకుంది.

కేసు కొట్టేశారు. రాళ్ళు ఉన్నాయి. మూడు నెలల్లో ప్రతి కొండబండిలోనూ గాజు అర తీసేసి, చేతికి అందే చోట నిజమైన చక్రం పెట్టారు. ముప్ఫైనాలుగేళ్ళ తర్వాత తొలి లైసెన్సు అప్పలకొండకు ఇచ్చారు. పరీక్ష పెట్టింది లోహిత. మొదటిసారి ఫెయిల్ చేసింది.

“ఏటమ్మా, ఘాట్ దింపీసిన దాన్ని!” అని అప్పలకొండ నెత్తి కొట్టుకుంది.

“వెనక్కి తీయడం రాదు నీకు. రాళ్ళలో ఎవరూ వెనక్కి నడపలేదు. వచ్చే వారం రా.”

లైసెన్సు కోసం వచ్చేవాళ్ళు పెరిగేసరికి నగరం మరో నిర్ణయం తీసుకుంది. ప్రతి ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా బీచ్ రోడ్డు మీదికి పల్లకీలు రావు. ఆ రెండు గంటలూ దారి మనుషులది.

తొలి ఆదివారం మ్యూజియంలోంచీ పాత షెడ్లలోంచీ తుడిచి తెచ్చిన ముప్ఫైఎనిమిది కార్లు వచ్చాయి. అప్పలకొండ ఒక నీలం కారు నడుపుతోంది. పక్క సీట్లో లోహిత. ఇంకొకరు నడుపుతుంటే పక్కన కూర్చోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. సీటు అంచు గట్టిగా పట్టుకుంది. బాట పొడవునా జనం చేతులు ఊపుతున్నారు.

పార్కు కూడలి దగ్గర నాలుగు వైపుల నుంచీ నాలుగు కార్లు ఒకేసారి వచ్చాయి. మర్యాదకు నలుగురూ ఆగారు. మర్యాదకు నలుగురూ ఒకేసారి కదిలారు. అంతే, ముక్కులు కలిసిపోయాయి. వెనకవాళ్ళు వచ్చి చేరారు. వాళ్ళ వెనక ఇంకొందరు. పది నిమిషాల్లో ముప్ఫైఎనిమిది కార్లూ పీటముడి పడ్డాయి. ఎవరో పొరపాటున హారన్ నొక్కారు. అంత పెద్ద చప్పుడు ఎన్నడూ వినని పిల్లలు చెవులు మూసుకున్నారు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ హారన్లు మొదలుపెట్టారు.

ముడికి మూలం ఒక ఎర్ర కారు. దాన్ని నడుపుతున్నది విభూషణ్ పట్నాయక్. లైసెన్సు వచ్చి నాలుగు రోజులైంది.

“ఎనక్కి తియ్యండి సారూ!” అప్పలకొండ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

“మీరే తీయండి! నేనే ముందు వచ్చాను!” అన్నాడు ఆ మర్యాదస్థుడు, ముఖం ఎర్రబడి.

“సిటీకి పెద్దమనిషి ఇలగేనా నడపడం!”

మాస్టారు కారు దిగి మధ్యలో నిలబడి చేతులూపుతూ ఒక్కొక్కరికీ లెక్కలు చెప్పినట్టు చెబుతున్నాడు, ఎవరూ వినడం లేదు. మరమరాల మురీ మిక్చరు అమ్మే బండివాడు కార్ల మధ్యలోకి దూరి కిటికీల్లోంచి పొట్లాలు అందిస్తున్నాడు. రెండు కార్లవాళ్ళు దిగి తమ తాతలు ఒకే షెడ్డులో పనిచేశారని కనుక్కున్నారు. మూడో కారావిడ వాళ్ళ మాటల్లో కలిసింది. లోహిత కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

దీపస్తంభం మీది పెట్టెలోంచి మహాసారథి ప్రశాంతమైన గొంతు వినబడింది. “రద్దీని గమనించాను. ఎవరు ఎటు కదలాలో చెప్పి పదకొండు సెకన్లలో విడదీయగలను. అనుమతిస్తారా?”

“నువ్వుండవమ్మా!” అంది అప్పలకొండ, పొట్లంలోంచి మురీలు నోట్లో వేసుకుంటూ. “మేం మాటాడుకుంటన్నాం.”